పారు నీటిలో మునిగి పనిచేయుట

బావిలో చేద జారిపడినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలలో ముందుగా వెదకునది పాతాళగరిగె. చుట్టును కొక్కెములు గల ఆ ఇనుప పనిముట్టుకు త్రాడు కట్టి బావిలోనికి దింపి, అడుగున అటునిటు త్రిప్పుదురు. చేద చిక్కినచో సరి. చిక్కనిచో ఈత వచ్చిన యువకుడొకడు గట్టు మీదినుండి దూకి, ఊపిరి బిగబట్టి, అడుగున తడుముకొని చేదతో పైకి వచ్చును. అందులో పెద్ద వింత యేమియు లేదు. బావినీరు కదలదు. దిగినవాడు దిగినచోటనే పైకి తేలును. చేతికి చేద తగులువరకు ఒకే స్థలమున వెదకవచ్చును.

అదే నీరు ఒక ప్రక్కకు పారుచున్నచో? అడుగున చేదకు బదులు పదుల టన్నుల బరువు గల ఇనుప పడవ ఉన్నచో? ఆ పడవ ఒక రాతిగోడకు అతుక్కొని, గోడలోని సందులగుండా నది దూసుకొనిపోవుచున్నచో? 2024 సెప్టెంబరు మాసమున ప్రకాశం బ్యారేజి వద్ద కలిగిన చిక్కు ఇట్టిదే. అక్కడ పాతాళగరిగె వంటి క్రేన్లతో మొదట ప్రయత్నించిరి, అవి చాలలేదు. అప్పుడు మనుష్యులు నీటిలో మునగవలసి వచ్చినది. పారు నీటిలో, గోడ ప్రక్కన మునుగుటలో గల కష్టమేమి, దానిని శాస్త్రము ఎట్లు వివరించుచున్నది, ఆ కష్టమును దాటుటకు ఏయే ఉపాయములున్నవి అను విషయములు తెలిసికొనదగినవి.

గోడ లేని తీరము

సముద్రపుటడుగున నిలువుగా లేచిన రాతిగోడల వెంట మునిగి తిరుగుట అనేక దేశములలో ఒక క్రీడగా వృద్ధిచెందినది. ఆంధ్రదేశమున అట్టి క్రీడకు అనువైన చోటు విశాఖపట్నము పరిసరములు. అక్కడ తూర్పుకనుమల శిలలు సముద్రము వరకు వచ్చి, నీటిలోనికి కూడ దిగినవి. రుషికొండ వద్ద వీపున గాలి సిలిండరు కట్టుకొని మునుగుట నేర్పువారును, నేర్చుకొనువారును కలరు.

నిజాంపట్నము, సూర్యలంక, వాడరేవు, కొత్తపట్నము మొదలైన చోట్ల తీరము ఇట్టిది కాదు. కృష్ణానది వేలాది సంవత్సరములుగా మోసుకొనివచ్చిన ఒండ్రుమట్టి, అలలు పరచిన ఇసుక ఇక్కడి సముద్రపుటడుగు. ఎంత దూరము పోయినను అడుగు మెల్లగా పల్లమగునే కాని నిలువుగోడ కానరాదు. లోతట్టున ప్రత్తి, మిరప పండు మెట్ట నేలలలోను లోతైన నీరున్నచోటు బావి, చెరువు, కాలువ మాత్రమే.

అయినను ఈ సీమకు కూడ ఒక నీటిగోడ కలదు. అది ప్రకృతి కట్టినది కాదు, మనుష్యుడు కట్టినది. కృష్ణకు అడ్డముగా 1852–1855 సంవత్సరముల నడుమ ఆనకట్ట నిర్మాణము జరిగినది. దాదాపు వందేళ్ల తరువాత 1952లో దానికి గండి పడుటతో, 1954లో క్రొత్త బ్యారేజి పని మొదలిడి 1957లో ముగించిరి. ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశము పేరు దానికి పెట్టబడినది. ఒంగోలు కేంద్రముగా గల జిల్లా పేరును ఆయనదే. బ్యారేజి ఉత్తరపు కొన విజయవాడలోను, దక్షిణపు కొన గుంటూరు జిల్లా సీతానగరమువద్దను ఉన్నవి. పొడవు 1,200 మీటర్లకు పైగా. రెండు స్తంభముల నడుమ నీరు పోవు సందును అక్కడివారు ఖానా అందురు. ఇట్టి ఖానాలు 70. ఒక్కొక్కదానికి 40 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తు గల ఇనుప గేటు కలదు.

గేటు దించియున్నప్పుడు దానిమీద పడు నీటి ఒత్తిడిని లెక్కింపవచ్చును. నీటి ఒత్తిడి పైభాగమున సున్న. అడుగునకు పోయినకొలది పెరుగును. 12 అడుగుల నీరు నిండుగా నిలిచినప్పుడు గేటు మొత్తము మీద పడు త్రోపు సుమారు 80 టన్నులు. అట్టి గేటును పైకెత్తుట తేలిక యగుటకు దానికి ఎదురుగా కాంక్రీటు దిమ్మెను వ్రేలాడదీసిరి. దీనిని కౌంటర్ వెయిట్ అందురు. ఏతపు మ్రానుకు వెనుక బరువుంచినచో ముందున్న నీటి బాన సులభముగా లేచును కదా! సూత్రము అదే. దిమ్మె విరిగినచో గేటు స్వాధీనము తప్పును. గేటు స్వాధీనము తప్పినచో నది స్వాధీనము తప్పినట్లే.

2024 సెప్టెంబరు 1

ఆ సంవత్సరము ఆగస్టు చివర కురిసిన కుంభవృష్టికి కృష్ణ పొంగినది. బ్యారేజి గుండా పోయిన నీరు సెకనుకు 11 లక్షల 43 వేల ఘనపుటడుగుల వరకు పెరిగెను. బ్యారేజి కట్టిన తరువాత అంతటి వరద వచ్చియుండలేదు. అంతకు ముందటి గరిష్ఠ వరద 2009 అక్టోబరులోనిది. అది 11 లక్షల 10 వేలు. సెప్టెంబరు 1 తెల్లవారుజామున ఎగువనుండి ఇసుక త్రవ్వకమునకు వాడు పెద్ద ఇనుప పడవలు కొట్టుకొనివచ్చి 67, 69, 70 నంబర్ల గేట్ల వద్ద బ్యారేజిని ఢీకొన్నవి. కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నవి. పడవలు ఒకదానికొకటి చిక్కుకొని, నీటితోను ఇసుకతోను నిండి, గోడ నంటి మునిగిపోయినవి.

విరిగిన దిమ్మెల స్థానమున క్రొత్తవానిని అమర్చు పని, గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు పర్యవేక్షణలో, కొద్దిరోజులలోనే సాగినది. పడవలను తీయుట మాత్రము అంత సులభము కాలేదు. ఒడ్డునుండి చూచువారికి ఇది విచిత్రముగా తోచినది. ఇన్ని యంత్రములుండగా మునిగిన పడవను లేవనెత్తలేకపోవుటేమి? దీనికి సమాధానము నీటి వేగములో ఉన్నది.

వేగము రెట్టింపైనచో బలము నాలుగు రెట్లు

ఏటిలో మొలలోతు నీటిలో నిలిచినవారికి ప్రవాహపు త్రోపు అనుభవమే. నీటి వేగము రెట్టింపైనచో త్రోపు కూడ రెట్టింపగునని చాలమంది అనుకొందురు. అట్లు కాదు, అది నాలుగు రెట్లగును. వేగము మూడు రెట్లైనచో త్రోపు తొమ్మిది రెట్లు. ప్రవాహపు బలము వేగపు వర్గమును అనుసరించి పెరుగునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

కారణము కష్టమైనది కాదు. వేగము రెట్టింపైనప్పుడు ఒక్క సెకనులో వచ్చి తాకు నీరు రెండింతలగును. ఆ నీటిలోని ప్రతి బొట్టును రెండింతల వేగముతో తాకును. రెండు రెండ్లు నాలుగు.

నీటిలో నిలువుగా ఉన్న మనిషి ప్రవాహమునకు అర చదరపు మీటరు వైశాల్యమును అడ్డుపెట్టుననుకొందము. నీరు సెకనుకు అర మీటరు వేగముతో పారుచున్నచో అతనిపై త్రోపు సుమారు 6 కిలోలు. దానిని ఓర్చుకొనవచ్చును. సెకనుకు ఒక మీటరు, అనగా మనిషి తీరికగా నడచు వేగము కంటె కొంచెము తక్కువ, అయినచో త్రోపు 25 కిలోలు. సెకనుకు రెండు మీటర్లయినచో 100 కిలోలు. గుంటూరు యార్డునకు వచ్చు మిరపకాయ టిక్కీ నలభై కిలోలకు పైబడి తూగును. అట్టి రెండు టిక్కీలను మించిన బరువు రొమ్మును అదేపనిగా నెట్టుచుండగా ఎవడు మాత్రము ఒకచోట నిలిచి పనిచేయగలడు?

ఈదుచు పోవువాడు నీటిలో అడ్డముగా పడుకొనును కనుక అతనిపై త్రోపు తగ్గును. అయినను కాళ్లకు రెక్కల వంటి తొడుగులు ధరించిన డైవరు సైతము సెకనుకు అర మీటరు వేగముతో మాత్రమే చాలసేపు ఈదగలడు. ప్రవాహ వేగము దీనిని మించినచో అతడు ఎదురీదినను వెనుకకే పోవును. అమెరికా దేశమున నీటిలో పనిచేయు కార్మికుల రక్షణకై ఏర్పరచిన నిబంధనలలో, ఈ వేగమును మించిన ప్రవాహమునకు ఎదురుగా సిలిండరు కట్టుకొన్న డైవరును త్రాడు లేకుండ దింపరాదని స్పష్టముగా ఉన్నది.

పడవ విషయము కూడ ఇంతే. ఇరువది మీటర్ల పొడవు, మీటరున్నర లోతు మునిగిన పడవ ప్రవాహమునకు అడ్డము తిరిగినదనుకొందము. సెకనుకు రెండు మీటర్ల వేగము గల నీరు దానిని ఆరు టన్నుల బలముతో గోడకు అదిమిపట్టును. దీనికి తోడు పడవ తన సొంత బరువు, లోపల నిండిన ఇసుక బరువు. క్రేను పైకి లాగవలసినది పడవ బరువును మాత్రమే కాదు. నది పిడికిలిని కూడ విడదీయవలెను.

గోడ ప్రక్కన నీటి నడక

సముద్రములోని రాతిగోడల వెంట మునుగువారు ప్రవాహముతో పోరాడుట మానుకొని, దానిని చదువుట నేర్చుకొనిరి. వారు కనుగొన్న సంగతులు బ్యారేజి గోడకు కూడ వర్తించును.

మొదటిది: గోడకు మిక్కిలి దగ్గరగా నీరు మెల్లగా పారును. రాతి గరుకుదనము నీటిని పట్టి ఉంచును. అందుచే డైవరు గోడను అంటిపెట్టుకొని పోయినచో శ్రమ తగ్గును.

రెండవది: ముందుకు పొడుచుకొనివచ్చిన రాతి వెనుక నీటికి నీడ ఉన్నది. ఎండలో చెట్టునీడ వలె అక్కడ ప్రవాహపు దెబ్బ తగలదు. డైవర్లు అక్కడ ఆగి అలసట తీర్చుకొందురు. కాని ఆ నీడకు అంచున సుడులు లేచును. వంతెన స్తంభముల దిగువన కనబడు సుడులు ఇట్టివే.

మూడవది: ప్రవాహము గోడకు ఎదురుగా వచ్చి తాకినచో కొంత నీరు పైకి, కొంత ప్రక్కలకు, కొంత క్రిందికి మరలును. క్రిందికి మరలు నీరు ప్రమాదకరము. ఆ సంగతిని డైవరు ఎట్లు గుర్తించును? తాను విడిచిన గాలి బుడగలను చూచి. బుడగలు ఎల్లప్పుడు పైకి పోవలెను. అవి పైకి పోక తనచుట్టు తిరుగుచున్నను, క్రిందికి దిగుచున్నను, నీరు తనను క్రిందికి లాగుచున్నదని గ్రహించి అతడు వెంటనే గోడకు దూరముగా ప్రక్కకు ఈదవలెను. నేరుగా పైకి ఈదుటకు ప్రయత్నించిన అలసట తప్ప ఫలము ఉండదు.

నాలుగవది: సముద్రమునకు విశ్రాంతి వేళ కలదు. పోటుకు పాటుకు నడుమ కొంతసేపు నీరు నిలిచిపోవును. బలమైన పోటుపాటులున్న తీరములలో అనుభవశాలి ఆ వేళ కొరకు గట్టున కూర్చుండి వేచియుండును. అది దాటిన తరువాత ప్రవాహముతోపాటు కొట్టుకొనిపోవుచునే గోడను చూచును. పడవ అతని వెంట పోయి దూరమున ఎక్కించుకొనును.

నదిలో ఈ రెండు సౌకర్యములును లేవు. నదికి పోటుపాటులు లేవు; అది ఒకే వైపునకు పారును. ప్రవాహముతో కొట్టుకొనిపోవుటకును వీలులేదు. ఏలయనగా ప్రవాహము పోవునది గేటు సందులోనికే. సముద్రమున గోడ డైవరుకు ప్రక్కనుండును. బ్యారేజి వద్ద గోడ అతనికి అడ్డముగా ఉండును. రెండింటికి గల భేదమంతయు ఇందులోనే ఉన్నది.

కనబడని లాగుడు

గోడలో సందున్నచో సంభవించు ప్రమాదము వేరొక విధమైనది. అది కంటికి కనబడదు. గోడకు ఒకప్రక్క నీరు ఎత్తుగాను, రెండవ ప్రక్క పల్లముగాను ఉన్నది. ఉపరితలమున 10 అడుగుల క్రింద, గోడలో చదరపుటడుగు రంధ్రమొకటి ఉన్నదనుకొందము. దానిలోనుండి నీరు సెకనుకు ఏడు మీటర్లకు మించిన వేగముతో దూకును. ఇంత వేగమున్నను రంధ్రమునకు ఒక మీటరు ఎడముగా ఉన్నవానికి అది తెలియదు. నలుదిక్కులనుండి నీరు చేరుచుండుటచే అక్కడ వేగము సెకనుకు ఏడు సెంటీమీటర్లే. చీమ నడకవలె ఉండును. అర మీటరు దూరమున అది నాలుగు రెట్లగును. జానెడు దూరమునకు వచ్చునప్పటికి పట్టుకొని లాగినట్లుండును.

డైవరు చేయి గాని వీపు గాని ఆ రంధ్రమును మూసినదో, ఇక అది ప్రవాహము కాదు. నిలిచిన నీటి బరువు. చదరపుటడుగు మీద పది అడుగుల నీరు సుమారు 280 కిలోల బరువుతో అదుమును. నలభై కిలోల టిక్కీలు ఏడింటిని మీద వేసినట్లు. ఒక్క మనిషి కాదు, నలుగురు కలిసి లాగినను వానిని విడిపించుట కష్టము. త్రాడు కట్టి బలముగా లాగినచో దేహమునకే హాని కలుగవచ్చును. విడిపించుటకు ఒక్కటే దారి: రెండు ప్రక్కల నీటి మట్టములను సమము చేయుట, లేదా ఆ సందును మరియొక విధముగా మూయుట.

కావుననే ఆనకట్టల వద్ద పనిచేయు డైవర్లకు మొదటి నియమమొకటి కలదు. దిగుటకు ముందు ఆ పరిసరములలో ఏ గేటు తెరచియున్నది, ఎక్కడ నీరు కారుచున్నది, రెండు మట్టముల భేదమెంత అని తెలిసికొనవలెను. తెలిసికొన్న పిమ్మట గేట్లను కదలనీయక, వాని యంత్రములకు తాళము వేయవలెను. సముద్రమున ప్రవాహము ఆగు వేళకై వేచియుండవలెను. బ్యారేజి వద్ద ఆ వేళను మనుష్యుడే కల్పించుకొనవలెను. వరద ఉరవడిగా వచ్చుచున్నప్పుడు గేట్లు దించుటకు వీలుకాదు కనుక, వరద తీయువరకు ఓపిక పట్టవలెను. 2024లో పడవల పని ఆలస్యమగుటకు ఇదియును ఒక కారణము.

నీటిలో ఊపిరి

వీపున గాలిని కట్టుకొని మునుగు పరికరమును స్కూబా అందురు. దాని నేటి రూపమును 1943లో ఫ్రాన్సు దేశపు నౌకాదళాధికారి జాక్ కూస్టో, ఇంజనీరు ఎమీల్ గాన్యాన్ కలిసి సాధించిరి. యుద్ధకాలమున పెట్రోలు కరవై కార్లను వేరు వాయువుతో నడపుటకు గాన్యాన్ ఒక కవాటమును కల్పించియుండెను. ఇంజను ఎంత కోరిన అంత వాయువును మాత్రమే అది ఇచ్చును. మనిషి ఊపిరితిత్తులకు కూడ కావలసినది అదే కదా! డైవరు పీల్చినప్పుడు మాత్రమే గాలి వచ్చును. అదియును చుట్టునున్న నీటి ఒత్తిడికి సమానమైన ఒత్తిడితో వచ్చును. ఈ సమానత్వము లేనిచో రొమ్మును నీరు అదుముచుండగా గాలి పీల్చుట సాధ్యము కాదు.

పత్రికలలో దీనిని ఆక్సిజన్ సిలిండరని వ్రాయుట పరిపాటి. అది సరికాదు. అందులో ఉండునది వడగట్టి, కుదించిన మామూలు గాలి. శుద్ధమైన ఆక్సిజన్ ఆరు మీటర్లకు మించిన లోతున ఒత్తిడి చేత విషమై మూర్ఛలు కలిగించును.

పన్నెండు లీటర్ల సిలిండరులో 200 వాయుమండలముల ఒత్తిడితో గాలి నింపినచో 2,400 లీటర్ల గాలి పట్టును. ఊరక తేలియున్నవాడు నిమిషమునకు 20 లీటర్లు వాడును. అతనికి అది రెండు గంటలు వచ్చును. పది మీటర్ల లోతున ఒత్తిడి రెట్టింపు కనుక గంటయే వచ్చును. బ్యారేజి వద్ద లోతు అంతకంటె చాల తక్కువ; కాని అక్కడ ప్రవాహముతో పెనుగులాడుచు, బరువైన పని చేయవలెను. శ్రమపడువాడు నిమిషమునకు 50, 60 లీటర్లు పీల్చును. అందువలన లోతు లేకున్నను సిలిండరు ముప్పాతిక గంటకు ముందే ఖాళీ కావచ్చును.

లోతు తక్కువ గనుక భయము లేదనుట కూడ పొరపాటు. సిలిండరు గాలిని గుండెనిండ పీల్చి, ఊపిరి బిగబట్టి, నాలుగడుగులు పైకి వచ్చినను ఊపిరితిత్తులలోని గాలి వ్యాకోచించి వానిని చీల్చవచ్చును. బావిలో దూకిన యువకునకు ఈ ప్రమాదము లేదు. అతడు గట్టు మీద పీల్చిన గాలియే అతనితో దిగి అతనితో పైకి వచ్చును. సిలిండరు గాలి లోతున పీల్చినది. కావున పైకి వచ్చునంతసేపు ఊపిరి విడుచుచుండవలెనని డైవర్లకు మొదటి దినముననే నేర్పుదురు.

చీకటిలో కోత

వరదనీటిలో కృష్ణ ఎర్రగా, బురదగా పారును. అడుగున చాచిన చేయి కనబడదు. సముద్రపు డైవరు కంటితో చూచును. నది డైవరు చేతితో చూచును. అతని నడుమునకు కట్టిన త్రాడు రెండవ కొన పైనున్న సహచరుని చేతిలో ఉండును. ఎన్నిమారులు లాగినచో ఏమి అర్థమో దిగకముందే వారిరువురును నిర్ణయించుకొందురు. ఆనకట్టల పనిలో సిలిండరుకు బదులు, ఒడ్డునుండి గొట్టముద్వారా గాలిని పంపి, టెలిఫోను తీగను తగిలించు పద్ధతి మరింత క్షేమకరము. గాలి అయిపోవునను భయము అందులో ఉండదు; మాటయును తెగిపోదు.

క్రేన్ల ప్రయత్నము ఫలించని పిమ్మట, విశాఖపట్నమునుండి వచ్చిన డైవర్లు నీటిలో మునిగి పడవను ముక్కలుగా కోయుటకు పూనుకొనిరి. నీటిలో ఇనుమును కోయుటెట్లు? బోలుగా ఉన్న ఒక లోహపు కడ్డీ గుండా ఆక్సిజన్‌ను పంపి, విద్యుత్తుతో దాని కొనను మండింతురు. మండుచున్న కొనచుట్టు వాయువు బుడగయై నీటిని దూరముగా నెట్టును. ఆ బుడగలో ఇనుము కరగి, ఆక్సిజన్‌తో కలిసి బూడిదై పోవును. పొయ్యి మీద నీరు చల్లిన మంట ఆరును. ఇక్కడ మంటకు కావలసిన ప్రాణవాయువు కడ్డీలోనే ఉన్నది గనుక చుట్టు ఎంత నీరున్నను ఆరదు. అపాయము మరియొకటి కలదు. కోయునప్పుడు వెలువడు వాయువులు పడవ అరలలో పైకప్పు క్రింద చేరి, నిప్పురవ్వ తగిలినంతనే పేలవచ్చును. అందుచే ముందుగా పైభాగమున రంధ్రము చేసి వాయువు పోవు దారి ఏర్పరతురు. కంటికి కానరాని చోట, కదలు నీటిలో, కదలని చేతితో చేయవలసిన పని ఇది. అది మెల్లగా సాగినదన్న ఆశ్చర్యము లేదు.

చివరకు పడవలను కదల్చినది కాకినాడనుండి వచ్చిన పనివాండ్ర ఉపాయము. వారు రెండు పెద్ద పడవలను ప్రక్క ప్రక్కగా నిలిపి, వానిపై ఇనుప దూలములు వేసి, చైన్ పుల్లీలతో మునిగిన పడవను పట్టి మెల్లగా లేపిరి. నీటిలోనుండి పూర్తిగా పైకి తీయలేదు. అడుగు విడుచునంతవరకు మాత్రమే లేపి, నీటిలోనే ఈడ్చుకొని పోయి పున్నమి ఘాటు వైపు చేర్చిరి. ఇందులోని తెలివి చాల ప్రాచీనమైన సూత్రముపై ఆధారపడినది. నీటిలో మునిగియున్నంతవరకు ఇనుము తన బరువులో ఎనిమిదవ వంతును పోగొట్టుకొనును. లోపలి ఇసుక ఇంతకంటె ఎక్కువ వంతు పోగొట్టుకొనును. పైకి తీసినచో ఆ తగ్గిన బరువంతయు తిరిగి వచ్చి క్రేను మీద పడును. నీటిలోనే ఉంచినచో నీరే కొంత బరువును మోయును. అంతవరకు పడవను అదిమిపట్టిన నీటినే, వరద తగ్గిన తరువాత వారు సహాయముగా మార్చుకొనిరి.

ఒక గేటు విలువ

ఇంత శ్రమ ఎందుకని ఎవరైన అడుగవచ్చును. సమాధానము మూడేండ్ల ముందే మరియొక చోట దొరకినది. 2021 ఆగస్టు 5న బ్యారేజికి ఎగువనున్న పులిచింతల ప్రాజెక్టులో 16వ నంబరు గేటు ఊడి కొట్టుకొనిపోయినది. అట్టి సమయమున గేటుకు ముందు స్తంభములలోని గాళ్లలో ఇనుప పలకలను ఒకదానిపై ఒకటి దింపి నీటిని ఆపుదురు. వీనిని స్టాప్‌లాగ్‌లు అందురు. కాని పారు నీటి వేగమునకు పలకలు గాళ్లలో కుదురుకొనవు. అందువలన నిల్వనీటిలో చాల భాగమును దిగువకు వదలి, మట్టము తగ్గించిన తరువాతనే పలకలను దింపగలిగిరి. వదలిన నీరు డెల్టా పైరుకు ఉంచుకొన్నది. ఒక్క గేటు పోయినందుకు చెల్లించిన వెల అది.

ప్రకాశం బ్యారేజి ఎగువ నీటిమట్టము నిలిచినచో సీతానగరము ప్రక్కనుండి గుంటూరు ఛానలుకును, పశ్చిమ డెల్టా కాలువలకును నీరు ఎక్కును. కొమ్మమూరు కాలువ పెదగంజాం దిశగా సాగును. ఇంకను పైన, 1967లో నీరు వదలిన నాగార్జునసాగరపు కుడికాలువ 203 కిలోమీటర్లు పారి పల్నాడు, ప్రకాశం మెట్టనేలల ప్రత్తిని, మిరపను తడుపుచున్నది. రైతు మడవ త్రిప్పిన ప్రతిసారి ఆ నీరు ఎక్కడనో ఒక గేటు దాటి వచ్చినదే. గేటు క్రింద ఇసుక పేరినదా, రబ్బరు అరిగినదా, స్తంభము అడుగున గొయ్యి పడినదా అని చూచుటకు ఎవరో ఒకరు మునగక తప్పదు.

డైవరు నేర్చుకొను పాఠములలో కొన్ని అందరికిని కావలసినవి. కాలువల తూముల వద్ద, లాకుల వద్ద, గేట్ల ఎగువన నీరు నిద్రపోవుచున్నట్లు కనబడును. పైన అల లేదు, చప్పుడు లేదు. కాని తూము నోటికి జానెడు దూరమున ఏడు టిక్కీల బరువు కాచుకొనియుండవచ్చును. అక్కడ స్నానము చేయరాదు, పశువులను దింపరాదు. పడిపోయిన వస్తువు కొరకు మునగరాదు. ఎవరైన చిక్కుకొన్నచో వెంట దూకుటకు ముందు గేటు మూయించుటకు ప్రయత్నించవలెను. నదిలో పడవలు గలవారు వరద రాకముందే వానిని గట్టి త్రాళ్లతో, గట్టి గుంజలకు కట్టవలెను. తెగిన ఒక్క త్రాడు గుంటూరు, కృష్ణా జిల్లాల కాలువలన్నింటికి చింత తెచ్చిపెట్టవచ్చును.

బావినీటికి భయపడనివాడు ధైర్యశాలి. పారు నీటి ముందు ఆగి, దాని వేగమును, మట్టమును, దారిని తెలిసికొని, ఆగు వేళ చూచి దిగువాడు అంతకంటె మేలైన ఈతగాడు.